తెర తెరిస్తే ఎవరి మాట?

కంప్యూటర్ స్విచ్ నొక్కినప్పటి నుంచి పిల్లల చేతికి మౌస్ వచ్చేదాకా మన బడుల్లో నాలుగు తెరలు దాటాలి. మొదటిది యంత్రం తయారుచేసిన కంపెనీ ముద్ర. రెండోది ఆపరేటింగ్ సిస్టం ముద్ర, దాని కింద గుండ్రంగా తిరిగే చుక్కలు. మూడోది లాక్ స్క్రీన్, దాని మీద ఏ దేశానిదో ఒక సముద్రతీరమో మంచుకొండో. నాలుగోది లాగిన్ తెర. అక్కడ ఇంగ్లీషులో ‘స్టూడెంట్’ అని ఒక పేరు, దాని కింద ఒక ఖాళీ పెట్టె. ఈ నాలుగు తెరల్లో గోండి మాట ఒక్కటి లేదు. కోయ లేదు, కొలామి లేదు, సవర లేదు, కువి లేదు. ఆ మాటకొస్తే తెలుగు కూడా లేదు.

మేము చెప్పదలచుకున్నది మూడు ముక్కల్లో చెబుతాం. ఈ తెరలు మార్చుకోవచ్చు. మార్చుకోవాలి. మార్చే హక్కు కాంట్రాక్టరుదో కంపెనీదో కాదు, ఆ బడిది, ఆ బడి పిల్లలది. ఇది అలంకారం సంగతి అనుకునేవాళ్లతో మాకు పేచీ ఉంది. వాళ్లలో అధికారులున్నారు, సాంకేతిక నిపుణులున్నారు, మన చదువుకున్న యువకులూ ఉన్నారు. ఒక్కొక్కరికీ జవాబు చెబుదాం.

‘బొమ్మే కదా, దాంతో ఏమొస్తుంది?’

ఇది అందరికంటే ముందు వినిపించే మాట. కంప్యూటర్ పనిచేస్తే చాలదా, మొదట ఏ బొమ్మ కనబడితే ఏమిటి అంటారు.

అలా అయితే బడి ముందు బోర్డు ఎందుకు రాయిస్తున్నారు? గోడల మీద నీతివాక్యాలు ఎందుకు? ఆఫీసు గదిలో ఫోటోలు ఏ వరుసలో ఉండాలో సర్క్యులర్లు ఎందుకు? గుమ్మం దగ్గర ఏముందో చూసి లోపల ఎవరి అధికారం నడుస్తుందో మనిషి తెలుసుకుంటాడు. ఈ సంగతి అధికారులకు మనకంటే బాగా తెలుసు. గోడకు సున్నం వేసే ముందు వంద ఆలోచనలు చేసేవాళ్లు, పిల్లలు ముఖం పెట్టి చూసే తెర దగ్గరికి వచ్చేసరికి ‘బొమ్మే కదా’ అంటున్నారు.

కొలాం గూడెం నుంచి ఆశ్రమ పాఠశాలకు వచ్చిన ఎనిమిదేళ్ల పాప సంగతి చూడండి. ఇంట్లో కొలామి. పక్క ఊరి వాళ్లతో గోండి. సంతలో మరాఠీ కలిసిన తెలుగు. బడిలో పుస్తకాల తెలుగు. ఆ పాపను మనం కంప్యూటర్ ముందు కూర్చోబెడతాం. ఆ యంత్రం ఐదో భాషలో పలకరిస్తుంది. ఇంట్లో మాట్లాడే భాష ఇక్కడికి పనికిరాదని ఆ పాపకు ఎవరూ నోటితో చెప్పనక్కర్లేదు. తెరే చెబుతుంది. ఒకసారి కాదు, ల్యాబ్ పీరియడ్ ఉన్న ప్రతిసారీ చెబుతుంది.

రాజ్యాంగం 29వ అధికరణం తన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కు ప్రతి సమూహానికీ ఇచ్చింది. 350 ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు కూడా వచ్చాయి. ఆ పుస్తకాల కోసం మన టీచర్లు ఊరూరా తిరిగి పెద్దల దగ్గర మాటలు ఏరుకొచ్చారు. ఇవాళ మా చుట్టుపక్కల బడుల్లో ఆ పుస్తకాలు కావాలంటే బీరువా అడుగున వెతకాలి. పుస్తకం బీరువాలోకి పోయింది, కంప్యూటర్ బల్ల మీదికి వచ్చింది. వచ్చినప్పుడు మన భాషను బయటే నిలబెట్టి వచ్చింది.

దీనికి తోడు ఇంకొకటి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 సంవత్సరంలో ఇచ్చిన మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే పిల్లల భాష తెలిసిన మనిషి బడిలో ఉంటాడన్న భరోసా సన్నగిల్లింది. తెర టీచరుకు బదులు కాదు. ఎన్ని తెరలు మార్చినా ఆ పోరాటం పోరాటమే. కానీ మనిషి రూపంలో మన భాష బడిలోంచి జరిగిపోతున్న కాలంలో గోడ మీద, పుస్తకంలో, తెర మీద దాన్ని నిలబెట్టే పని ఇంకా ముఖ్యమైంది. అందుకే ‘బొమ్మే కదా’ అన్న మాటను మేము ఒప్పుకోం.

‘ముట్టుకోవద్దు, పాడవుతుంది’

రెండో మాట సాంకేతిక నిపుణులది. ఆ తెరలు కంపెనీ పెట్టినవి, వాటిని మార్చడం కుదరదు, మారిస్తే వారంటీ పోతుంది అంటారు. మన టీచర్లు ఈ మాటకు భయపడి కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంచుతున్నారు. అందుకని ఈ తెరల కథ కొంచెం తెలుసుకుందాం.

విండోస్ 95, 98 రోజుల్లో కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు కనిపించే మబ్బుల బొమ్మ నిజానికి ఒక మామూలు బొమ్మ ఫైలు. దాని పేరు లోగో.సిస్. 320 చుక్కల వెడల్పు, 400 చుక్కల ఎత్తు, 256 రంగులు. అదే కొలతల్లో మన బొమ్మ గీసి అదే పేరు పెట్టి సీ డ్రైవ్‌లో ఉంచితే చాలు, కంప్యూటర్ మన బొమ్మతో తెరుచుకునేది. ‘ఇప్పుడు కంప్యూటర్ కట్టేయవచ్చు’ అని చివర్లో వచ్చే తెర కూడా అలాంటి ఫైలే. పెయింట్ ప్రోగ్రాంలో బొమ్మ గీయగల పిల్లవాడు ఈ పని చేయగలిగేవాడు.

విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి ఆ బొమ్మను సిస్టం గుండెకాయ లాంటి ఫైలు లోపల దాచేశారు. మార్చాలంటే ఆ ఫైలునే కోసి కుట్టాలి. తలుపు అలాగే ఉంది, గడియ మాత్రం లోపలివైపు పెట్టారన్నమాట.

విండోస్ 7 దగ్గర అసలు గుట్టు బయటపడుతుంది. అందులో లాగిన్ తెర వెనక బొమ్మను మార్చడానికి వాళ్లే ఒక ఏర్పాటు పెట్టారు. సిస్టం రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి, 256 కిలోబైట్లు మించని బొమ్మను చెప్పిన ఫోల్డర్‌లో చెప్పిన పేరుతో పెట్టాలి. ఆ రిజిస్ట్రీ విలువ పేరు ఏమిటో తెలుసా? ఓఈఎం బ్యాక్‌గ్రౌండ్. ఓఈఎం అంటే కంప్యూటర్లు తయారుచేసి అమ్మే కంపెనీ. అంటే ఆ తెర మారకూడనిది ఏమీ కాదు. అమ్మేవాడు తన ముద్ర వేసుకోవడానికి దారి ముందే వేసి ఉంచారు. వాడేవాడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దుకాణదారుడికి ఉన్న వీలు బడికి ఎందుకు లేదు? ‘కుదరదు’ అనేవాళ్లు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఇప్పటి విండోస్‌లో అయితే లాక్ స్క్రీన్ బొమ్మ మార్చడం సెట్టింగ్స్‌లోకి వెళ్లి చేసే రెండు నిమిషాల పని. మార్చకుండా వదిలేస్తే స్పాట్‌లైట్ అనే ఏర్పాటు ఇంటర్నెట్ నుంచి తనకు నచ్చిన బొమ్మలు తెచ్చి పెడుతుంది, నడుమ నడుమ సలహాలూ ప్రకటనలూ చూపిస్తుంది. మన పిల్లల ముఖం ముందు రోజూ ఏ బొమ్మ ఉండాలో ఎక్కడో కూర్చున్న కంపెనీ నిర్ణయించవచ్చు, ఆ బడి టీచరు నిర్ణయించకూడదు. ఇదేం న్యాయం?

లినక్స్ కంప్యూటర్లలో దారి ఇంకా తేట. అక్కడ తెరలు మూడు చోట్ల ఉంటాయి. మొదటిది గ్రబ్, ఏ సిస్టం తెరవాలో అడిగే జాబితా. దాని సెట్టింగుల ఫైలులో బొమ్మ ఎక్కడుందో ఒక వరుస రాసి, గ్రబ్‌ను కొత్తగా రాయమని కమాండ్ ఇవ్వాలి. రెండోది ప్లిమత్, సిస్టం లేస్తున్నంతసేపూ కనిపించే తెర. దానికి ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో బొమ్మలు, అవి ఎక్కడ ఎలా కనబడాలో చెప్పే అక్షరాల ఫైలు ఉంటాయి. మార్చాక, మొదట లోడయ్యే ఫైలును తిరిగి కట్టమని ఇంకో కమాండ్ ఇవ్వాలి. అది మరిచిపోతే పాత తెరే వస్తుంది. మూడోది లాగిన్ తెర. లైట్‌డీఎం ఉన్న చోట వెనక బొమ్మను ఒక్క వరుసతో మార్చవచ్చు. జీడీఎం ఉన్న చోట పలకరింపు వాక్యం పెట్టుకోవడానికి బ్యానర్ అనే వీలే ఉంది. ఇవన్నీ ఎవరూ దాచినవి కావు. తెరిచి చదవగల ఫైళ్లు.

ఈ పని పెద్దయెత్తున జరిగిన చోటు కూడా మనకు దూరం కాదు. కేరళ ప్రభుత్వ బడుల్లో కైట్ అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు లినక్స్ మీద తమ పిల్లలకు తగిన సిస్టం తయారుచేసి ఇస్తోంది. మలయాళం అందులో అతిథి కాదు, ఇంటి మనిషి. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగులో ఆపరేటింగ్ సిస్టం కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. మలయాళానికి, తెలుగుకు కుదిరింది గోండికి, సవరకు ఎందుకు కుదరదు?

ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే ఉచిత మద్దతు ఆగిపోయింది. మన ల్యాబుల్లో ఉన్న పాత యంత్రాలు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. ‘ఇవి తుక్కు’ అని రాసి పారేయడానికి కొందరు సిద్ధంగా ఉంటారు. అవే యంత్రాల మీద లినక్స్ చక్కగా నడుస్తుంది. కొత్త సిస్టం ఎక్కించాల్సిన సమయం ఎలాగూ వచ్చింది కాబట్టి, మొదటి తెర ఎవరిదో తేల్చుకోవాల్సిన సమయం కూడా ఇదే.

జాగ్రత్తలు లేవని మేము అనడం లేదు. యంత్రం తయారీదారు ముద్ర మదర్‌బోర్డు లోపలి ప్రోగ్రాంలో ఉంటుంది, దాని జోలికి పోవద్దు. అక్కడ తేడా వస్తే యంత్రమే లేవకపోవచ్చు. మిగతా మూడు తెరల్లో ఏది మార్చినా ముందు పాత ఫైలు నకలు తీసి దాచండి. ఒక్క యంత్రం మీద చేసి చూశాకే రెండోదానికి వెళ్లండి. ఎవరో తయారుచేసిన థీమ్ అని ముక్కూముఖం తెలియని చోటి నుంచి ఫైళ్లు తెచ్చి ఎక్కించవద్దు. వాటి వెంట వైరస్ వస్తుంది. ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో ల్యాబ్ రిజిస్టర్‌లో రాసి హెడ్‌మాస్టర్ సంతకం తీసుకోండి. ఎవరైనా వచ్చి ‘వారంటీ పోతుంది సార్’ అంటే, ఏ కాగితంలో ఏ షరతు కింద పోతుందో రాసిమ్మని అడగండి. గద్దింపుకు తలవంచే అలవాటు మనకు పాతదే. ఇక్కడైనా దాన్ని వదులుకుందాం.

ఏ లిపి, ఎవరి భాష?

మూడో మాట మన వాళ్లదే. తెర మీద గోండి రాయాలంటే ఏ లిపిలో రాయాలి, ముందు లిపి తగవు తేలనీయండి అంటారు.

గోండికి లిపి లేదని ఒకప్పుడు ఎగతాళి చేశారు. 1918లో మధ్యప్రదేశ్ బాలాఘాట్ ప్రాంతానికి చెందిన మున్షీ మంగళ్ సింగ్ మసారాం ఒక లిపి కట్టారు. మన ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో పాత రాతప్రతులు దొరికి ఇంకో లిపి వెలుగులోకి వచ్చింది. మసారాం గోండి 2017లో, గుంజాల గోండి 2018లో యూనికోడ్‌లో చేరాయి. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్ అయినా ఈ అక్షరాలను అక్షరాలుగా గుర్తుపట్టే ఏర్పాటు జరిగిపోయింది. రెండింటికీ నోటో అనే ఉచిత ఫాంట్లు కూడా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 29 లక్షల 84 వేల మంది. ఇంతమంది భాష ఇప్పటికీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. అందులో చేర్చడం ఢిల్లీ చేతిలో ఉంది. మన బడి లాగిన్ తెర మీద రాయడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు కదా!

సంతాలీలను చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపి తయారుచేశారు. 2003లో సంతాలీ ఎనిమిదో షెడ్యూల్‌కు ఎక్కింది. 2008లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. ఆ భాషను మోసింది దాన్ని రాసినవాళ్లు, నేర్పినవాళ్లు, అచ్చేసినవాళ్లు. గుర్తింపు వచ్చాక రాద్దాం అని కూర్చుని ఉంటే గుర్తింపు వచ్చేదే కాదు.

లిపి విషయంలో మా మాట ఇది. తెలంగాణ గోండు పిల్లలు ఇవాళ చదవగలిగేది తెలుగు లిపి. కాబట్టి పైన గుంజాల అక్షరాల్లో పెద్దగా, కింద అదే గోండి మాటను తెలుగు అక్షరాల్లో రాయండి. చదవగలిగినవాళ్లు పైది చదువుతారు, చదవలేనివాళ్లు కింది వరుస పట్టుకుని పైది నేర్చుకుంటారు. కోయ, కొలామి మాటలు తెలుగు లిపిలో రాస్తే తప్పేం లేదు. సవరకు ఒరిస్సా వైపు మంగై గొమాంగో 1936లో తయారుచేసిన సొరా సొంపెంగ్ లిపి ఉంది, అదీ 2012లో యూనికోడ్‌కు ఎక్కింది. శ్రీకాకుళం, మన్యం వైపు మన సవర పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఏది రాయాలో అక్కడి పెద్దలు, టీచర్లు కూర్చుని తేల్చుకోవాలి. తేలేదాకా తెర ఖాళీగా ఉంచకండి. మనం ఖాళీగా ఉంచిన చోట ఇంకొకరు రాసుకుంటారు.

ఒక సాంకేతిక మెలిక చెప్పి ముందుకెళ్దాం. గ్రబ్ తెర మీద గుణింతాలు, ఒత్తులు కలిసిన మన అక్షరాలు సరిగా కూర్చోవు. విడివిడిగా చెల్లాచెదురవుతాయి. దాన్ని చూసి ‘మన భాష కంప్యూటర్‌లో రాదు’ అని నిర్ణయించేయకండి. సిస్టం పూర్తిగా లేచాక ఏదైనా బొమ్మల ప్రోగ్రాంలో ఆ మాట రాసి, దాన్ని బొమ్మగా దాచి, ఆ బొమ్మనే వెనక పెట్టండి. బొమ్మలో ఉన్న అక్షరం చెదరదు. ప్లిమత్‌కు కూడా ఇదే సులువైన దారి.

ఇక ఎవరి భాష అన్న ప్రశ్న. ఒకే ఆశ్రమ పాఠశాలలో గోండు, కొలాం, నాయక్‌పోడ్, తోటి, బంజారా పిల్లలు ఉంటారు. ఎక్కువమంది మాట్లాడే భాషను ఒక్కదాన్నే తెర మీద పెట్టి ‘మన భాష వచ్చేసింది’ అని చప్పట్లు కొడితే, తెలుగు మన మీద చేసిన పనినే మనం కొలాం పిల్లల మీద చేసినట్టు. ప్లిమత్ బొమ్మలో నాలుగు వరుసలకు చోటుంటుంది. లాగిన్ తెర బొమ్మను వారానికొకటి మార్చవచ్చు. ఈ వారం కొలామి, వచ్చే వారం గోండి. ఏ భాష వారం వస్తే ఆ పిల్లలే మాట ఎంచాలి, వాళ్ల ఇళ్లలో అడిగి రావాలి. తరగతిలో ఇద్దరే మాట్లాడే భాషకూ ఒక వారం ఉండాలి.

నెమలీకల కిరీటం, నాయకుల ఫోటో

ఇప్పుడు మనవాళ్లలోని ఉత్సాహవంతులతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. తెర మార్చమనగానే ఇంటర్నెట్‌లో వెతికి గుస్సాడీ నెమలీకల టోపీ బొమ్మ తెచ్చి అంటిస్తున్నారు. ఆదివాసీ అంటే నాట్యం, ఈకలు, డప్పు అని బయటివాళ్లు గీసిన బొమ్మనే మనం మన పిల్లల ముందు పెడుతున్నాం. గుస్సాడీ వేషం దీపావళి రోజుల్లో దండారితో పాటు నియమంతో, నిష్ఠతో కట్టేది. దాని మీద పాస్‌వర్డ్ పెట్టె తేలుతూ, బాణం గుర్తు పాకుతూ ఉండటం మన పెద్దలకు సమ్మతమేనా? అడిగారా? పేన్‌లకు సంబంధించిన ఏ గుర్తు వాడాలన్నా పటేల్‌ను, కటోడాను అడగాలి. వాళ్లు వద్దంటే వద్దే.

కొమురం భీం బొమ్మ పెట్టండి, కాదనం. కానీ బొమ్మ పెట్టి చేతులు దులుపుకోకండి. జోడేఘాట్ ఎక్కడుందో, 1940లో అక్కడ ఏం జరిగిందో ఆ బొమ్మ చూసే పిల్లలకు చెప్పలేకపోతే అది కూడా స్పాట్‌లైట్ బొమ్మ లాంటిదే.

మేము బొమ్మ కంటే మాటను ముందు పెట్టమంటాం. ‘జై సేవా’ అనండి, ‘జోహార్’ అనండి. వాటి కింద పిల్లలు గీసిన బొమ్మ ఉండనీయండి. వాళ్ల ఊరి వాగు, ఇప్పచెట్టు, ఎడ్లబండి. నెలకొక పిల్లవాడి బొమ్మ తెర ఎక్కితే ఆ నెలంతా ఆ పిల్లవాడి నడకే మారుతుంది.

నాయకుల ఫోటోలు మాత్రం వద్దు. కంప్యూటర్లు ఇచ్చాం కాబట్టి తెరుచుకోగానే మా బొమ్మ, మా పథకం పేరు రావాలని అడిగేవాళ్లు ఉంటారు. దానం ఇచ్చిన సంస్థ ముద్ర కావాలని ఇంకొకరు అడుగుతారు. ప్రభుత్వ కంప్యూటర్ ప్రజల డబ్బుతో కొన్నది. కృతజ్ఞత చెప్పాలంటే రిజిస్టర్‌లో రాద్దాం, సభలో చెబుదాం. పిల్లల తెరను ఎవరి ప్రచారానికీ అద్దెకివ్వం. కంపెనీ ముద్ర తీసి పార్టీ ముద్ర వేసుకోవడానికి ఇంత మాట అక్కర్లేదు.

‘స్టూడెంట్’ అనే పేరు ఎవరిది?

లాగిన్ తెర మీద అసలు పోరాటం పేరు గురించి. మన పేర్లకు బడి రిజిస్టర్లు ఏం చేశాయో మనకు తెలుసు. ఇంట్లో పిలిచే పేరు పలకడం రాక నోటికొచ్చిన తెలుగు పేరు రాసేశారు. ఇంటిపేర్లను వంకర చేశారు. ఆ వంకర పేరే కుల ధ్రువీకరణ పత్రంలో తేడాగా నిలిచి, ఉద్యోగం దాకా వెంటాడిన సంగతులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇప్పుడు కంప్యూటర్‌లో ఆ వంకర పేరు కూడా లేదు. అందరూ ‘స్టూడెంట్’. పాస్‌వర్డ్ అందరికీ ఒకటే, మానిటర్ మూలన కాగితం మీద అంటించి ఉంటుంది.

ఇది మారాలి. లినక్స్‌లో ప్రతి ఖాతాకు రెండు పేర్లు. లోపలి పేరు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, అది యంత్రం కోసం. పైకి కనిపించే పూర్తి పేరు ఏ లిపిలోనైనా ఉండవచ్చు, అది మనిషి కోసం. ఆ రెండోదాన్ని పిల్లలు తమ ఇంట్లో ఎలా పిలుస్తారో అలా రాసుకోనీయండి. ఇంటిపేరు సరిగా రాయించండి. ఎలా రాయాలో తల్లిదండ్రులను అడిగి రమ్మనండి. తన పేరు మీద నొక్కి, తానే పెట్టుకున్న పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లిన పాపకు ఆ యంత్రం తనది కూడా అనిపిస్తుంది.

చిన్న తరగతులకు తరగతికొక ఖాతా చాలు. పెద్ద తరగతుల పిల్లలకు ఒక్కొక్కరికి ఒకటి. ఒక్క హెచ్చరిక. పిల్లల పేర్ల జాబితా వచ్చిపోయే ప్రతివాడికీ కనబడాల్సిన పని లేదు. ఆడపిల్లల ఫోటోలు ఖాతా బొమ్మలుగా పెట్టవద్దు, చెట్టో పిట్టో పెట్టుకోమనండి. బయటివాళ్లు వచ్చే గదిలో అయితే లాగిన్ తెర మీద జాబితా కనబడకుండా దాచే వీలు ఉంది, వాడుకోండి. గౌరవంతో పాటు గుట్టు కూడా పిల్లల హక్కే.

‘దీంతో ఉద్యోగం వస్తుందా?’

చివరి మాట యువకులది. పోటీ పరీక్షలకు ఇంగ్లీషు కావాలి, కోడింగ్ కావాలి, మీరు గోండి పలకరింపు దగ్గర ఆగిపోయారు అంటారు. ఈ ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోం. ఆకలి, ఉద్యోగం నిజమైన సంగతులు.

కానీ ఒక ప్లిమత్ తెర మార్చిన పిల్ల ఏం నేర్చుకుందో లెక్కవేయండి. ఫైలు ఏ దారిలో ఉంటుందో నేర్చుకుంది. ఎవరికి మార్చే అధికారం ఉంటుందో, ఎందుకు ఉంటుందో నేర్చుకుంది. నకలు తీసి దాచడం నేర్చుకుంది. బొమ్మకు కొలతలు, ఫాంట్‌కు యూనికోడ్ ఎందుకో తెలిసింది. కమాండ్ ఇచ్చి, తప్పు వస్తే ఆ తప్పును చదవడం తెలిసింది. సర్వర్లు నడిపే ఉద్యోగాల్లో మొదట నేర్పేవి ఇవే. సర్టిఫికెట్ కోర్సుల పేరుతో ఇన్‌స్టిట్యూట్లలో వేలు కట్టించుకుని వర్డ్‌లో అక్షరాలు లావు చేయడం నేర్పుతున్నారే, దానికంటే ఇది తక్కువ చదువా?

పైగా ఇది తన సొంత పని. చేసిన మార్పు మర్నాడు పొద్దున తోటి పిల్లలందరి కళ్ల ముందు ఉంటుంది. వాడేవాడుగా కూర్చున్న పిల్ల మార్చేవాడి వరసలోకి వస్తుంది. మన జాతులకు కంప్యూటర్ విషయంలో కావాల్సింది ఈ జరుగుబాటే. యంత్రాలు ఇచ్చేవాళ్లు చాలామంది వస్తారు. యంత్రం మీద చేయి వేసి మార్చవచ్చు అని చెప్పేవాళ్లే రారు. అది టీచర్లుగా మన పని.

మొదటి తెర మార్చి అక్కడే ఆగిపోతే మాత్రం మీ ఎత్తిపొడుపు న్యాయమే. గుమ్మానికి తోరణం కట్టి లోపల ఇల్లు ఖాళీగా ఉంచినట్టవుతుంది. తెర తర్వాత కీబోర్డు రావాలి. కీబోర్డు తర్వాత అవ్వలు చెప్పిన కథలు టైపు కావాలి. బీరువా అడుగున ఉన్న ఆ ఎనిమిది భాషల వాచకాలు ఈ యంత్రాల్లోకి ఎక్కాలి. తెర ఆ వరుసలో మొదటిది కాబట్టే దాని దగ్గర మొదలుపెట్టమంటున్నాం.

టీచర్లకు మా విన్నపం ఇదే. ఈ నెలలో ఒక్క యంత్రం ఎంచుకోండి. గ్రామసభలోనో తల్లిదండ్రుల సమావేశంలోనో ఏ మాట రాయాలో అడగండి. ఇద్దరు పెద్ద తరగతి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మార్చండి. చేసిన పద్ధతిని ఒక కాగితం మీద తెలుగులో రాసి పక్క బడికి ఇవ్వండి. డిప్లొమాలు, డిగ్రీలు చదివిన యువకులకు ఇంకో మాట. సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పూట బడికి రండి. మీ ఫోన్ తెర మార్చుకోవడానికి వెచ్చించే సమయంలో సగం చాలు.

‘మావ నాటే మావ రాజ్’ అని మన ఊళ్ల పొలిమేరల్లో రాళ్లు పాతుకున్నాం. మన ఊరిలో మన పాలన అన్నాం. ఆ ఊరి బడిలో, ఆ బడి గదిలో, ఆ గది బల్ల మీద ఉన్న తెర కూడా మన ఊరి లోపలిదే. దాని మీద మొదటి మాట మన పిల్లలు రాయాలి.